పరీక్ష గదిలో నీచు వాసన

మదర్‌బోర్డు బాగుందో లేదో తేల్చి చెప్పడమే భువనేశ్వరి ఉద్యోగం. ఆమె బాగుందంటే అది కంప్యూటరు పెట్టెలోకి వెళ్తుంది, లేదంటే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇన్నేళ్లలో ఆ ఒక్క మాట చెప్పడానికి ఆమె ఏనాడూ తడబడలేదు. కానీ ఈసారి వచ్చిన బోర్డు కోడంబాక్కంలో ఏ సినిమావాళ్ల ఎడిటింగ్ గదికో వెళ్లేది కాదు. ఎన్నూరులో రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, ఓడలకెక్కించే ఫ్యాక్టరీకి వెళ్లేది. అక్కడ చల్లదనం కోసం గొట్టాల నిండా అమోనియా గ్యాసు తిరుగుతూ ఉంటుంది. గొట్టాల్లో ఒత్తిడి హద్దు దాటితే గంట మోగించి, వాల్వులు మూసేసే పని కంప్యూటరుది. అది పని మానేస్తే, గొట్టాల పక్క షెడ్డులో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల గతేమిటో ఎవరూ పైకి అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసు.

కంపెనీ జార్జి టౌన్‌లో, రెండు చేతిబండ్లు ఎదురుపడితే మనిషి గోడకు అతుక్కుని నిలబడాల్సిన సందులో ఉంది. యజమాని జనార్దనం శెట్టిగారి తాతల నాటి కట్టడం అది. ఒకప్పుడు కింద మిరియాలు, పసుపుకొమ్ముల మండీ ఉండేది. ఇప్పుడు పై అంతస్తులో కంప్యూటర్లు తయారవుతున్నాయి గాని, వానాకాలం గోడలు తడిస్తే ఇంకా పసుపు వాసనే వస్తుంది. ఊరి పేరు చెన్నై అని మార్చి రెండేళ్లు దాటినా శెట్టిగారి బిల్లుల మీద మద్రాసనే ఉంది. ఆయన దేన్నీ అంత తొందరగా మార్చే మనిషి కాదు. ఆ కప్పు కింద నీచు తినకూడదన్నది తాతగారు పెట్టిన కట్టుబాటు. తినడమే కాదు, డబ్బాలో పెట్టుకుని మెట్లెక్కకూడదు.

భువనేశ్వరి నాయుళ్ల పిల్ల. పెరంబూరులో వాళ్లింట వారానికి రెండుసార్లయినా చేపల కూర ఉడకాల్సిందే. ఉద్యోగానికి వచ్చిన రోజున శెట్టిగారు, "మీ ఇంట నీచు ముట్టరు గదమ్మా?" అని మెత్తగా అడిగారు. పరీక్ష గదిలో లక్ష్మీదేవి పటం ఉంది, అందులో కూర్చునేవాళ్లు శుద్ధంగా ఉండాలని ఆయన పట్టు. భువనేశ్వరి క్షణం కూడా ఆలోచించకుండా ముట్టమని తల ఊపింది. పట్నంలో ఆడపిల్లకు ఏసీ గదిలో, తన మాట చెల్లే కుర్చీ దొరకడం మాటలా? ఒక్క తల ఊపుతో దొరికిన కుర్చీ అది. అందుకే దాన్ని కాపాడుకోవడానికి రోజూ ఏదో ఒక చిన్న అబద్ధం ఆడుతూ ఉండాల్సి వచ్చేది.

ఆ అబద్ధం తెలిసిన మనిషి ఒక్కతే, సెలీనా. రాయపురం తెలుగు క్రైస్తవుల అమ్మాయి. బయట హాల్లో కూర్చుని తీగలకు సోల్డరింగ్ చేసేది. ఎన్నూరు పడవలవాళ్ల కుర్రాడు ఆనందన్‌ను పెళ్లాడింది. అతనికి రొయ్యల ఫ్యాక్టరీలో కంప్యూటరు ముందు కూర్చునే పని. పాత కంప్యూటరు మొరాయిస్తోందని పైవాళ్లు విసుక్కుంటుంటే, "మా ఇంటామె పనిచేసే చోట మంచివి చేస్తారు" అని చెప్పి ఈ ఆర్డరు ఇప్పించింది అతనే. సెలీనా అత్తగారింటి పడవ వచ్చిన రోజు డబ్బాలో వంజరం చేప ముక్కలు వేయించి తెచ్చేది. మధ్యాహ్నం శెట్టిగారు తన గదిలో కునుకు తీసే వేళ, ఇద్దరూ డాబా మీద నీళ్లట్యాంకు నీడలో కూర్చుని దొంగల్లా తినేవాళ్లు. అందులో రుచి చేపదెంతో, దొంగతనానిదెంతో చెప్పడం కష్టం.

కొత్త బోర్డు పరీక్షకు వచ్చింది. మామూలు వాటికన్నా వెడల్పుగా, ముదురాకుపచ్చగా, చూడగానే ఖరీదైనదని తెలిసేట్టు ఉంది. రెండు ప్రాసెసర్లను పక్కపక్కనే నిలబెట్టేందుకు రెండు పొడుగాటి చోట్లున్నాయి. వాటి పాదాల దగ్గర నల్లని చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్లు వరసగా నిలబడ్డాయి. కరెంటులో వచ్చే ఎగుడుదిగుళ్లను తాము మింగి, ప్రాసెసర్లకు నిలకడగా అందించడం వాటి పని. "ఇంతకన్నా పై రకం లేదు" అన్నాడు తెచ్చిన ఏజెంటు. భువనేశ్వరి నవ్వి ఊరుకుంది. ప్రతి ఏజెంటూ అనే మాటే గదా.

ఆమె బోర్డును పెట్టెలో బిగించకుండా చెక్కపలక మీద పరిచి, రెండు ప్రాసెసర్లూ ఊపిరాడనంత లెక్కలు ఇచ్చింది. మెమరీని నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపించింది. తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి, మూలన గడియారం నడుస్తోంది. వేలి వెనక భాగంతో చిప్పుల వేడి చూసింది, చెవి దగ్గరపెట్టి ఫ్యాను చప్పుడు విన్నది. ఇలా రాత్రీపగలూ ఆపకుండా నడపాలి. నడుస్తున్నంతసేపూ పగటిపూట గది వదలకూడదన్నది ఆమె తనకు తానే పెట్టుకున్న నియమం. ఆ నియమం గురించి శెట్టిగారు వచ్చిన వాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవారు.

మర్నాడు మధ్యాహ్నం సెలీనా తలుపు సందులోంచి కళ్లతో సైగ చేసింది. వంజరం. తెర మీద అంకెలు బుద్ధిగా పరుగెడుతున్నాయి. కాసేపట్లో ఏం మునిగిపోతుందిలే అనుకుని భువనేశ్వరి లేచింది.

డాబా మీద ఎండ కాలుతోంది. హార్బరులో ఏదో ఓడ కూత పెట్టింది. సెలీనా ముక్క విరిచి ఆమె చేతిలో పెట్టి, "మా ఆయన కూర్చునే గదిలోనే పెడతారంటక్కా ఆ మిషను," అంది. "ఇప్పుడుండేది ఊరికే గంట కొడతా ఉంటాది. నిజింగా కొట్టినా ఎవురూ లేసేది లేదు. కొత్తది వచ్చేసిందంటే నిమ్మళంగా ఉంటాది నాకు."

"అది పాసవనీ ముందు."

"నువ్వు చూస్తా ఉండావు గదా. నువ్వు సరి అంటే సరే," అంది సెలీనా, ముల్లు తీసి పక్కన పెడుతూ.

భువనేశ్వరి చేతులు కడుక్కుని కిందికి వచ్చింది. గది తలుపు తీయగానే ఏదో తేడా తెలిసింది. అంకెలు పరుగెత్తడం లేదు. తెర మీద ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. మూలన గడియారం ఆమె డాబా ఎక్కిన కాసేపటికే ఆగిపోయి ఉంది. చూడ్డానికి అంతా బాగున్నట్టే ఉంది. ఎర్ర గుర్తు లేదు, తప్పని చెప్పే మాట లేదు. గదిలో మాత్రం పచ్చి చేపల వాసన, రేవు పక్కన తడి వలలు ఆరబెట్టినప్పుడు వచ్చేలాంటిది, సన్నగా కొడుతోంది.

ఆమె భయపడింది. బోర్డు గురించి కాదు. గబుక్కున తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. చేప వాసనే. సబ్బుతో రెండోసారి కడుక్కోవాల్సింది, తొందరలో వచ్చేసింది. ఆ వాసన తనదేననుకుంది. ఇక ఆ గదిలో దేన్నీ వాసన చూడాలని ఆమెకు తోచలేదు.

శెట్టిగారు లేచే వేళయింది. ఆమె బోర్డును ఆపి, మళ్లీ నడిపించింది. అంకెలు మళ్లీ పరుగందుకున్నాయి. ఈ సందులో కరెంటు ఎప్పుడూ ఎగిరి పడుతూనే ఉంటుంది, అదే అయివుంటుంది అని సర్దిచెప్పుకుంది. ఒక్కసారి ఆగిపోయిందని చెబితే, "అప్పుడు నువ్వు ఏడుండావమ్మా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు డాబా మీద ఉంది.

శెట్టిగారు తలుపు తీసుకుని లోపలికి వచ్చి, గడప దాటకుండానే ఆగారు. "ఈడ నీచు వాసన వస్తా ఉండాదే," అన్నారు. లక్ష్మీదేవి పటం వైపు ఒకసారి చూసి, భువనేశ్వరి వైపు చూశారు.

భువనేశ్వరి చేతులు చున్నీ కింద దాచుకుంది. ఆమె ఏదో అనేలోపు బయట హాల్లోంచి సెలీనా లేచి వచ్చింది. "నా డబ్బా సార్. తెలీక తెచ్చేసినా. ఇంక తేను."

శెట్టిగారు అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేదేమో. "ఇంకొకసారి ఇట్ల జరిగితే నేనేం చేసేదిలేదమ్మా," అని మాత్రం అన్నారు. శుక్రవారం అంగడి అంగడికీ ధూపం వేసుకుంటూ వెళ్లే సాంబ్రాణి సాయిబును పైకి పిలిపించి, పరీక్ష గదంతా పొగ వేయించారు. నెమలీకల విసనకర్రతో సాయిబు విసిరిన పొగ బోర్డు మీద కమ్ముకుని, మెల్లగా విడిపోయింది. ఆ తర్వాత రెండు రోజులు గదిలో సాంబ్రాణి తప్ప మరో వాసన లేదు.

సెలీనా మళ్లీ చేప తేలేదు. భువనేశ్వరే వద్దంది. అయినా ఇద్దరూ డాబా మీదే కలిసి తినేవాళ్లు, పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. ఇప్పుడు దొంగతనం ఏమీ లేదు కాబట్టి మాటలు తగ్గాయి. భువనేశ్వరి నాలుగు ముద్దలు తిని, పరుగున కిందికి వచ్చేసేది. తెర ఆగిపోయి ఉంటుందేమోనని తలుపు తీస్తూనే మూలన గడియారం వైపు చూసేది. ఆగలేదు. నడుస్తూనే ఉంది. అందుకే ఆమెకు ఇంకా ఎక్కువ భయమేసింది.

పరీక్ష ముగిసే ముందు రోజు మధ్యాహ్నం వాసన మళ్లీ వచ్చింది. ఈసారి సన్నగా కాదు. హాల్లో పనిచేసే వాళ్లు కూడా ముక్కులు మూసుకున్నారు. శెట్టిగారు గదిలోంచి వచ్చి, ఎవరినీ అడగకుండా నేరుగా సెలీనా బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఈరోజు తేలేదు సార్," అంది సెలీనా. "పెరుగన్నం తెచ్చినా. డబ్బా చూడండి." మూత తీసి ముందుకు పట్టుకుంది. డబ్బా అడుగున నాలుగు మెతుకులు, ఊరగాయ నూనె మరక ఉన్నాయి.

శెట్టిగారు డబ్బా వైపు చూడలేదు. చూడకూడని వస్తువేదో ఎదురొచ్చినట్టు ముఖం పక్కకు తిప్పుకున్నారు. "భువనా, నువ్వు చెప్పమ్మా," అన్నారు. "నువ్వు పక్కనే ఉంటావు. నీకు తెలీకుండా ఉంటాదా?"

హాలంతా ఆమె వైపు చూసింది. అది పెరుగన్నమేనని భువనేశ్వరికి తెలుసు, అందులోంచి తనే రెండు ముద్దలు తిన్నది. కానీ ఆ మాట చెబితే డాబా బయటపడుతుంది, డాబా బయటపడితే వంజరం బయటపడుతుంది, పరీక్ష వదిలేసి వెళ్లిన సంగతీ, తెర ఆగిపోయిన సంగతీ బయటపడతాయి. పాత వాసన సెలీనా సంచికి పట్టేసి ఉంటుందిలే అని కూడా ఒక మూల అనిపించింది. అలా అనిపించడం ఆమెకు చాలా అవసరమైంది.

"నాకా వాసన అంతగా తెలీదు సార్," అంది. "మా ఇంట అలవాటు లేదు గదా."

సెలీనా చేతిలో మూత అలాగే ఉండిపోయింది. కోపంగా చూడలేదు. ఎవరో కొత్త మనిషి మాట్లాడుతున్నట్టు వింతగా చూసింది. తర్వాత డబ్బా మూసి, సంచిలో పెట్టుకుని, మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. మర్నాటినుంచి ఆమె కుర్చీ మీద తీగల చుట్టలు పెట్టుకున్నారు.

భువనేశ్వరి పరీక్ష గది తలుపు వేసుకుని, అగరొత్తుల కట్ట అంతా ఒకేసారి వెలిగించింది. సిగ్గుతో ఆమె ఒళ్లు మండిపోతోంది. ఆ సిగ్గులో బోర్డు గురించి ఆలోచించే ఓపిక లేకపోయింది. పొగలో కూర్చుని, పరుగెడుతున్న అంకెలను చూస్తూ సాయంత్రం దాకా గడిపింది. మర్నాడు పరీక్ష మళ్లీ ఆగకుండా ముగిసింది. శెట్టిగారు, "ఏమ్మా, సరేనా?" అంటే, "సరే సార్," అంది. ఆ సరే పట్టుకుని బోర్డు పెట్టెలోకి ఎక్కింది, పెట్టె లారీ ఎక్కి ఎన్నూరు వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే సెలీనా ప్యారిస్ కార్నర్ బస్‌స్టాపులో ఎదురుపడింది. భువనేశ్వరి తప్పుకుని పోదామనుకుంది గాని, సెలీనాయే పలకరించింది. చేతివేళ్లు ఉప్పునీళ్లలో నాని ముడతలు పడి ఉన్నాయి.

"రొయ్యల షెడ్డులో చేరినానక్కా. ఆడ నీచు వాసన అని ఎవురూ ఎల్లగొట్టరు గదా," అని నవ్వింది.

"నా మీద కోపంగా ఉండావా?"

"ఉండె. ఎంత దినం పెట్టుకునేది? నీకూ ఇల్లుండాది, అమ్మ ఉండాది." బస్సు వస్తోందేమోనని అటు చూసి, మళ్లీ అంది. "నాకు గొట్టాల పక్కన చోటిచ్చినారు. కొత్తవాళ్లకు అదే. అద్దంలోంచి మన మిషను కనిపిస్తా ఉంటాది. పచ్చగా వెలగతా ఉంటే, మా అక్క చూసిందిలే అనుకుంటా."

భువనేశ్వరి ముందొచ్చిన బస్సెక్కేసింది. ఆ రాత్రి ఇంట్లో అమ్మ చేపల పులుసు పెడితే, ఒంట్లో బాగాలేదని మజ్జిగ తాగి పడుకుంది. ఏదో జరగబోతోందని ఆమెకు అనిపిస్తూనే ఉంది. కానీ ఏమని చెప్పాలి, ఎవరికి చెప్పాలి? ఒక్కసారి ఆగి, మళ్లీ ఎన్నడూ ఆగని యంత్రం గురించి ఏమని చెప్పగలదు?

ఎన్నూరులో కంప్యూటరు బాగా నడుస్తోందని కబురొచ్చింది. శెట్టిగారు ఉత్సాహంగా అదే రకం బోర్డులు మరికొన్ని తెప్పించారు. భువనేశ్వరి ఒకదాన్ని చెక్కపలక మీద పరిచి, మునుపటిలాగే పరీక్షకు పెట్టింది. ఈసారి పగలంతా గది వదల్లేదు. తన డబ్బా కూడా తెర ముందే తిన్నది. ఆ అంతస్తులో ఇప్పుడు అందరూ శుద్ధ శాకాహారులే. సెలీనా వెళ్లి నెల దాటింది.

నాలుగో రోజు మధ్యాహ్నం నీచు వాసన వచ్చింది.

శెట్టిగారు తలుపు తీసి తల లోపలికి పెట్టారు. "ఆ పిల్ల పోయి ఇన్ని దినాలాయె, గోడలకు పట్టేసిందా ఏమి?" అన్నారు విసుగ్గా. "సాయిబును పిలిపిస్తా ఉండు," అని కిందికి వెళ్లిపోయారు.

భువనేశ్వరి తన వేళ్లు వాసన చూసుకుంది. పెరుగు, ఉప్పు. అంతే. లేచి చెత్తబుట్ట చూసింది, కిటికీ తెర చూసింది, లక్ష్మీదేవి పటం వెనక చూసింది. చివరికి, ఇష్టం లేకుండానే, బోర్డు మీదికి వంగింది. ఫ్యాను విసిరే వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. ఆ గాలి నిండా చేపలే.

కరెంటు తీసేసి, ప్రాసెసర్లు ఊడదీసి, బోర్డును వెలుతురుకెత్తి పక్కనుంచి చూసింది. పైనుంచి చూస్తే కెపాసిటర్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల దగ్గర మాత్రం పలచని బెల్లంపాకం లాంటి తడి పాకి ఉంది. దూది పుల్లతో అద్ది ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చి చేప. లోపలి మందు కారిపోతోంది. అది కారిపోయేకొద్దీ ప్రాసెసర్లకు నిలకడగా అందాల్సిన కరెంటు తడబడుతుంది. ఒక రోజు నడుస్తుంది, పది రోజులు నడుస్తుంది, ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. తెర మీద బొమ్మ మాత్రం చెదరదు.

ఆ రోజు డాబా దిగి వచ్చేసరికి గదిలో ఉన్న వాసన తన వేళ్లది కాదు. సెలీనా డబ్బాదీ కాదు. ముక్కు కింద పెట్టి మరీ ఆ బోర్డు చెప్పింది, తను వినలేదు. భువనేశ్వరి బోర్డు చేత పట్టుకునే గది మూలనున్న ఫోను దగ్గరికి పరుగెత్తింది.

ఎన్నూరులో చాలాసేపు మోగాక ఆనందన్ ఎత్తాడు. తమిళ కుర్రాడే అయినా భార్యతో కాపురం చేసి తెలుగు బాగా పట్టాడు.

"నేను భువనను. ఆడ మిషను ఎట్ల ఉండాది?"

"సూపరక్కా. అంతా పచ్చనే."

"అంకెలు కదలతా ఉండాయా?"

"యాడ కదిలేది? పొద్దున్నుంచి ఒకటే ఒత్తిడి, ఒక పాయింటు పెరిగేది లేదు, తగ్గేది లేదు. పాతది ఇంత బాగా ఎప్పుడూ చూపించలేదక్కా."

"తెర మూలలో గడియారం ఉంటాది, చూడు. టైమెంత?"

"పదీ పది," అన్నాడు ఆనందన్.

పరీక్ష గది గోడమీద గడియారం మూడు దాటింది. అవతల అతను తన చేతి గడియారం చూసుకున్నాడు కాబోలు, కుర్చీ వెనక్కి తోసిన చప్పుడు వినిపించింది.

"సెలీనా ఏడ?" అంది భువనేశ్వరి.

"షెడ్డులో. పొద్దున్నుంచి రెండు తడవలు వచ్చింది. కళ్లు మండతా ఉండాయి, వాసన వేరేగా ఉండాది అని." అతని గొంతు మారిపోయింది. "నేనే కసిరినా. రొయ్యల షెడ్డులో వాసన అంటే ఎవురు నమ్మతారు, పోయి పని చూడు అని..."

"అందర్నీ బయటికి తోలు ఆనందన్. వాల్వు చేత్తో మూయమను. పో, ఇప్పుడే పో."

అతను ఫోను పెట్టలేదు, వదిలేసి పరుగెత్తాడు. భువనేశ్వరి రిసీవరు చెవికి అదుముకుని నిలబడింది. ఇనుపకడ్డీ మీద దేంతోనో దబదబా బాదుతున్నారు. ఆడవాళ్ల కేకలు దూరంగా, తర్వాత దగ్గరగా. అంతలో కుక్కరు ఆవిరి ఒక్కసారి చిమ్మినట్టు, కానీ ఆగకుండా, పెద్ద చప్పుడు. ఆ తర్వాత దగ్గులు. ఒక్కొక్క దగ్గులో సెలీనా గొంతు వెతుక్కుంది. దొరకలేదు. కాసేపటికి మనుషుల చప్పుడంతా ఆగిపోయి, ఫోను పక్కనున్న కంప్యూటరు ఫ్యాను ఒక్కటే వినిపిస్తూ ఉండిపోయింది. ఎన్నో రోజులు చెవి ఆనించి విన్న చప్పుడే అది.

శెట్టిగారు వెనకనుంచి, "ఎవురమ్మా ఫోన్లో?" అన్నారు. ఆమె రిసీవరు వదలకుండానే రెండో చేత్తో బోర్డు ఎత్తి ఆయన ముఖం ముందు పెట్టింది. ఆయన తల వెనక్కి లాక్కుని, "చేప," అన్నారు.

"కాదు సార్," అంది భువనేశ్వరి. "చేప వాసన నాకు బాగా తెలుసు. మా ఇంట వారానికి రెండు తడవలు వండుతారు. సెలీనా తెచ్చిన చేప నేనూ తిన్నాను. ఆమె పోయిన రోజు తెచ్చింది పెరుగన్నమే, రెండుసార్లూ వచ్చింది ఈ బోర్డుల వాసన. మీరు పరీక్ష సరేనా అని అడిగితే నేను అబద్ధం చెప్పినా."

శెట్టిగారు ఆమె వైపు, బోర్డు వైపు మార్చి మార్చి చూశారు. తలుపు దగ్గర సాంబ్రాణి సాయిబు పొగ పట్టుకుని వచ్చి నిలబడితే, చేత్తో వద్దని సైగ చేసి పంపేశారు.

షెడ్డులో వాళ్లంతా బయటపడ్డారు. ఆఖరున వచ్చింది సెలీనా, గొట్టాల పక్కన చోటు గదా. గొట్టం పగిలేసరికి ఆమె ఇంకా తలుపు చేరలేదు. ఆనందన్ తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్లి ఈడ్చుకొచ్చాడు.

వారం తర్వాత గాని ఆసుపత్రిలో ఆమెను చూడనివ్వలేదు. ఆ పొద్దున భువనేశ్వరి తనే మార్కెట్టుకు వెళ్లి వంజరం తెచ్చి, తనే కారం పట్టించి వేయించింది. డబ్బా పట్టుకుని అందరూ చూస్తుండగా బస్సెక్కింది. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కుంది. తీరా మంచం దగ్గరికి వెళ్లేసరికి అందులో ఒక్క మాటా మిగల్లేదు.

సెలీనా కళ్లకు దూది పెట్టి కట్టు కట్టారు. చూపు మెల్లగా వస్తుందని డాక్టర్లు చెప్పారట. "అక్కనా?" అంది, అడుగుల చప్పుడు విని. గొంతు బొంగురుపోయింది.

"నేనే. అంతా చెప్పేసినా సెలీనా, సార్ దగ్గర. నీ డబ్బాలో పెరుగన్నమే అని, నేనూ తిన్నానని. మొదటిరోజు ఆ మిషను ఆగిపోతే దాచిపెట్టింది కూడా నేనే. నువ్వు కూర్చునే చోటికి నేనే పంపించినా దాన్ని." అక్కడితో ఏడుపు వచ్చేసింది.

సెలీనా చెయ్యి గాలిలో వెతికి ఆమె మోచేతిని పట్టుకుంది. అలాగే పట్టుకుని, "ఏమో తెచ్చినట్టుండావు," అంది. "డబ్బా చప్పుడు వినిపించింది."

భువనేశ్వరి మూత తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టింది. మసాలా, వేడి నూనె, చేప వాసన వార్డంతా నిండింది. పక్క మంచం మీద ముసలామె లేచి కూర్చుని, ఏం చేప అన్నట్టు భువనేశ్వరికి చేత్తో సైగ చేసింది. సెలీనా డబ్బాను ముక్కు దాకా ఎత్తుకుని గట్టిగా గాలి పీల్చింది. కాసేపాగి, ముఖం ఇంకా దగ్గరికి పెట్టి, మళ్లీ పీల్చింది.

"పెరుగన్నమా అక్కా?" అంది.